నందిని నీలం ప్యాకెట్ పాలు: లీటరు 46 రూపాయల సరుకు, దాని అసలు ఖరీదు

బెంగళూరులోని తెలుగు ఇళ్లకు కర్ణాటక పాల సమాఖ్య అమ్మే నందిని నీలం ప్యాకెట్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కె.ఆర్. పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అద్దె ఇంట్లో దిగిన కుటుంబం సామాను సర్దుకోకముందే పాలు పొంగించడానికి కొనేది చాలావరకు ఈ ప్యాకెట్టే. అయినా దీని మీద సమీక్ష రాయాలని నాకు అనిపించడానికి కారణం ధర. 2023 ఆగస్టులో లీటరుకు 3 రూపాయలు పెరిగి 39 నుంచి 42 అయింది. 2024 జూన్‌లో ప్యాకెట్‌లో 50 మిల్లీలీటర్లు అదనంగా పోసి ప్యాకెట్ మీద 2 రూపాయలు పెంచారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ అదనపు పాలను, వాటికి కలిపిన 2 రూపాయలను తీసేసి, లీటరుకు 4 రూపాయలు పెంచి, ధరను 46 రూపాయలకు చేర్చారు. రెండేళ్లు తిరగకముందే ఇంత పెరిగేసరికి, పాలు కూడా కొనలేని రోజులు వచ్చాయన్న మాట మా అపార్టుమెంటులోనూ ఆఫీసులోనూ చాలాసార్లు విన్నాను.

నెలకు నలభై లీటర్లు వాడే ఇంటికి ఆ బాధ నిజమైనదే. అయితే ఈ పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎవరి కష్టం మీద వస్తున్నాయో దగ్గరగా చూసిన తరువాత నా అభిప్రాయం ఇది. సరుకు మంచిది, నమ్మదగినది. ఆ ధరకు అది చవక. ఆ చవకదనం ఎంతకాలం నిలుస్తుందో మాత్రం భరోసాగా చెప్పలేను, ఎందుకంటే దాన్ని నిలబెడుతున్న కుటుంబాలు ఒక్కొక్కటిగా పాడిని వదులుకుంటున్నాయి.

ముందు సరుకు గురించి చెబుతాను. నీలం ప్యాకెట్‌లో ఉన్నవి టోన్డ్ పాలు, అంటే వెన్న 3 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు (ఎస్‌ఎన్‌ఎఫ్) 8.5 శాతం ఉండేలా సరిచేసిన పాలు. ఫిల్టర్ కాఫీకి ఇవి చక్కగా సరిపోతాయి. డికాక్షన్ చిక్కగా ఉంటే పాల పలచదనం తెలియదు, పైగా కాఫీ రుచి పాల వాసన కింద మునిగిపోదు. టీకి మాత్రం కొంచెం ఎక్కువసేపు మరిగించాలి. పెరుగు గట్టిగానే తోడుకుంటుంది కాని, గుంటూరు, కృష్ణా జిల్లాల గేదె పెరుగు తిని పెరిగినవాళ్లకు ఇందులో ఆ మీగడ కనబడదు, కత్తితో కోస్తే నిలిచే పెరుగు ఇందులో రాదు. అలాంటి పెరుగు కావాలంటే వెన్న 4.5 శాతం ఉండే శుభం రకం నారింజరంగు ప్యాకెట్ తీసుకోవడం మేలు. మీగడ పోగుచేసి వెన్న చిలికి నెయ్యి కాచుకునే అలవాటున్నవాళ్లు నీలం ప్యాకెట్‌తో శ్రమపడకపోవడమే మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు చలికి పెరుగు తోడుకోవడం ఆలస్యమవుతుంది. దానికి పాలను తప్పుపట్టవలసిన పని లేదు, గిన్నెను పొయ్యి పక్కన వెచ్చగా పెడితే చాలు.

నాకు అన్నిటికంటే నచ్చిన గుణం నిలకడ. ఎండాకాలం పాలు, వానాకాలం పాలు అన్న తేడా ప్యాకెట్ తెరిచినప్పుడు దాదాపు తెలియదు. ఆవు తినే మేత మారుతుంది, ఈనిన తరువాత గడిచిన నెలలను బట్టి పాల చిక్కదనం మారుతుంది, ఎండ ముదిరితే వెన్న తగ్గుతుంది, అయినా ఇంటికి వచ్చే పాలు మారవు. ఇది డైరీలో జరిగే పని వల్ల వచ్చే గుణం. ఒక్కోసారి ప్యాకెట్ అంచు దగ్గర కారుతూ రావడం, కొన్ని కిరాణా దుకాణాలు ఫ్రిజ్ ఖర్చు పేరుతో ముద్రించిన ధర మీద ఒక రూపాయి అదనంగా తీసుకోవడం నాకు ఎదురైన చిక్కులు. మా వీధి దుకాణంలో అడిగితే, పాల మీద వచ్చే కమీషన్ కరెంటు బిల్లుకే చాలదని సమాధానం వచ్చింది. అందులో నిజం ఉండవచ్చు కాని, ఆ రూపాయి అటు రైతుకూ చేరదు, ఇటు సమాఖ్యకూ చేరదు. నందిని పార్లరులో కొంటే ఆ బెడద లేదు.

పాలలో కల్తీ ఉందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు సేకరించి పరీక్షించి, ఫలితాలను 2019లో వెల్లడించింది. వాటిలో ఆరోగ్యానికి హాని చేసే కల్తీ ఉన్నవి 12 మాత్రమే. అదే పరీక్షలో 368 నమూనాలలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషపదార్థం పరిమితికి మించి కనబడింది, 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు మించి ఉన్నాయి. అఫ్లాటాక్సిన్ పాలలో ఎవరో కలిపేది కాదు. బూజు పట్టిన నూనెగింజల చెక్క, తడిసిన మొక్కజొన్న, నిల్వ చెడిన దాణా తిన్న పశువు పాలలోకి దిగేది. మంచి దాణా కొనే స్తోమత, దాన్ని పొడిగా దాచుకునే కొట్టు రైతుకు ఉంటేనే ఆ విషం తగ్గుతుంది. రైతుకు ఇచ్చే ధర తగ్గించి పాలు చవకగా అందించినందుకు సంతోషించేవాళ్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి. పాల భద్రత మొదట కొట్టంలో గాడి దగ్గర నిర్ణయమవుతుంది, శుద్ధి యంత్రం దగ్గరకు వచ్చేది ఆ తరువాతే.

బెంగళూరుకు తూర్పున పాత మద్రాసు రోడ్డు పట్టుకుని పోతే హొసకోట, కోలారు, ముళబాగిలు వస్తాయి. ఇటు చింతామణి, శ్రీనివాసపురం, బాగేపల్లి కూడా కలుపుకుంటే, ఈ ప్రాంతంలో పొలం పనుల్లో, కొట్టాల్లో, పాల కేంద్రాల్లో ఎక్కువగా వినబడే భాష తెలుగే. పట్టు, పాలు, బంగారం అని మూడింటికి పేరుపడిన జిల్లా కోలారు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పట్టు ధర గూళ్ల మార్కెట్‌లో రోజుకో తీరుగా ఉంటుంది. టమాటా ఒక నెల మేడ కట్టిస్తే మరో నెల రోడ్డు మీద పారబోయిస్తుంది. అందుకే ఈ మెట్ట నేలలో సంసారాన్ని ఒడ్డుకు చేరుస్తున్నది పాలే. ఈ జిల్లాలో పాడికి పునాది వేసినవారిగా ఎం.వి. కృష్ణప్పను ఇక్కడి పాతతరం రైతులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎకరమో రెండెకరాలో చెలక, వెయ్యి అడుగులు దాటిన బోరు, కొట్టంలో రెండు సీమావులు: మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో చాలా ఇళ్ల ఆస్తి ఇంతే.

ముళబాగిలు దగ్గర ఉన్న ఆ ఊరికి వెళ్లినప్పుడల్లా నేను పొద్దున పాల కేంద్రం దగ్గర నిలబడతాను. ఆరు గంటలకు స్టీలు క్యాన్లతో ఆడవాళ్లు వరుస కడతారు. పోసిన పాలలో నుంచి చిన్న గరిటెడు నమూనా తీసి యంత్రం కింద పెడితే, వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అన్నది తెర మీద కనబడుతుంది. ఆ రెండు అంకెలను బట్టి లీటరు ధర లెక్కగట్టి చిన్న చీటీ బయటికి వస్తుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5కు తగ్గితే ధరలో కోత పడుతుంది. ఆ రోజు చిన్నమ్మ ముందున్న ఆవిడ చీటీలో 8.2 వచ్చింది. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. చీటీని మడిచి కొంగున ముడివేసుకుని, “గడ్డి లేదు కదమ్మా, ఎట్ల వస్తాది” అని మాత్రం అంది. పచ్చిమేత తగ్గి, ఎండు రాగిగడ్డి మీదే నెట్టుకొస్తున్న ఆవు పాలు పలచబడతాయని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ చీటీల మీది తేడాలన్నింటినీ కలిపి సరిచేసిన పాలే మరునాడు మన ఇంటి ముందు నీలం ప్యాకెట్లలో ఒకే చిక్కదనంతో వాలతాయి. మనం మెచ్చుకునే నిలకడ కోసం పడే కోత ఎవరి చీటీలో పడుతుందో నేను అక్కడే చూశాను.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. రోజుకు పది లీటర్లు ఇచ్చే సీమావుకు ఒంటి పోషణకు ఒకటిన్నర, రెండు కిలోల దాణా, ఆ పైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున నాలుగు కిలోలు పెట్టాలని పశువైద్యులు చెబుతారు. మొత్తం ఆరు కిలోలు. కిలో 25 రూపాయలుగా లెక్క వేసుకుంటే దాణాకే రోజుకు 150 రూపాయలు, అంటే లీటరుకు 15 రూపాయలు. దీనికి పాతిక కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుగడ్డి కలపాలి. సొంత పొలంలో నేపియర్ గడ్డి పెంచుకుంటే అది ఉచితమని పట్నంలో అనుకుంటారు కాని, ఆ మడిలో గడ్డి బదులు టమాటా వేస్తే వచ్చేదీ, బోరు నీళ్లకు పెట్టిన అప్పుకు కట్టే వడ్డీ అందులో కలిసే ఉంటాయి. ఎదకు వచ్చినప్పుడు చూలు కోసం వేయించే సూది, అది నిలవకపోతే మళ్లీ వేయించే సూది, పొదుగువాపు వస్తే డాక్టరు, మందులు, మందులు వాడిన రోజుల్లో కేంద్రానికి పోయకూడని పాలు, వీటన్నింటికీ చీటీలో గడి లేదు. ఆవు ఈనిన తరువాత పది నెలలు పాలిస్తుంది, తరువాతి ఈతకు ముందు కనీసం రెండు నెలలు వట్టిపోతుంది. సూది నిలవక చూలు ఆలస్యమైతే ఆ రెండు నెలలు నాలుగవుతాయి, ఆరవుతాయి. “పాలు మానేసిందని తినేది మానదు కదా నాయనా” అని చిన్నమ్మ ఒకసారి అన్నది. ఆవు బాగోగులు ఆమెకు తెలిసినంతగా నాకు తెలియవు, నాకు లెక్క వేయడం మాత్రమే తెలుసు. ఆ లెక్కలో ఆమె నాలుగు గంటలకు లేచి పేడ ఎత్తడం, గడ్డి కోయడం, రెండు పూటలా పాలు పిండడం, కొట్టం కడగడం వీటికి రోజుకూలి కలిపితే, మిగిలేది ఏమీ ఉండదు. చాలా నెలల్లో చేతి నుంచి పడుతుంది. 46 రూపాయల ధర నిలబడి ఉన్నది ఈ కూలి లేని పని మీదే.

కొట్టంలో కోడెదూడ పుట్టినప్పుడు ఆ ఇంట్లో కనబడే ముఖాలను నేను చూశాను. ఒకప్పుడు కోడె అంటే రెండేళ్లలో కాడికి వచ్చే ఎద్దు. ఇప్పుడు దున్నకం ట్రాక్టరుది. సీమావుకు పుట్టిన కోడెకు మూపురం లేదు, ఎండకు ఓర్చుకోలేదు, కాడి కిందికి పనికిరాదు. కర్ణాటకలో 1964 నాటి చట్టం 12 ఏళ్లు దాటిన ఎద్దులను అధికారి ధ్రువీకరణతో వధకు అమ్ముకోనిచ్చేది. 2020లో శాసనసభకు వచ్చి 2021లో అమలైన చట్టం 13 ఏళ్లు దాటిన గేదెలకు తప్ప మరి దేనికీ ఆ వీలు ఉంచలేదు. ఆవును చంపకూడదన్న నమ్మకాన్ని నేను గౌరవిస్తాను, మా ఇంట్లోనూ అదే నమ్మకం. అయితే ఆ నమ్మకానికి అయ్యే ఖర్చు రెండు ఆవులున్న ఇంటి మీద వదిలేయడం న్యాయం అనిపించుకోదు. వట్టిపోయిన ఆవు, పని లేని కోడె రోజూ తినే మేతకు ఆ చట్టం చేసిన సమాజం కూడా వాటా ఇవ్వాలి. వాటిని చేర్చుకోవడానికి తగినన్ని గోశాలలు లేకపోతే అవి రోడ్డెక్కుతాయి, లేదా పక్క ఊరి పొలంలో పడతాయి. ఆడదూడలే పుట్టేలా లింగ నిర్ధారణ చేసిన వీర్యాన్ని రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద రాయితీ మీద ఇస్తున్నారు. నూటికి తొంభై వంతులు పెయ్యలే పుడతాయని దాని మీద నమ్మకం. ఆ సూది ప్రతి ఊరి పశువైద్యశాలలో సమయానికి దొరికితే ఈ సమస్యలో పెద్ద భాగం మొదట్లోనే తగ్గుతుంది.

2022లో వచ్చిన లంపీ చర్మవ్యాధి ఈ కుటుంబాలను భయపెట్టినంతగా ఈ మధ్య మరే రోగమూ భయపెట్టలేదు. ఒంటి నిండా బొబ్బల్లాంటి గడ్డలు, జ్వరం, మేత మానేయడం, పాలు సగానికి పడిపోవడం. బతికి బయటపడ్డ ఆవు కూడా మునుపటి పాలకు రావడానికి నెలలు పట్టింది. అప్పట్లో మేకల మశూచికి వాడే టీకానే ఆవులకు వేశారు. ఆ తరువాత మన భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలు ఈ రోగానికే ప్రత్యేకంగా టీకా తయారుచేశాయి. గాలికుంటుకు 2019 నుంచి దేశవ్యాప్తంగా ఉచిత టీకా కార్యక్రమం నడుస్తున్నది. దాని వల్ల మేలు జరిగిందనే రైతులు చెబుతారు. ఎండ సంగతి అలా కాదు, దానికి టీకా లేదు. చల్లని దేశాల నుంచి వచ్చిన హోల్‌స్టీన్ రక్తం ఎక్కువగా ఉన్న ఆవుకు వేడి, ఉక్క కలిసిన రోజుల్లో ఆయాసం మొదలవుతుంది, మేత తగ్గుతుంది, ఎద కూడా సరిగా కనబడదు. 2023లో వానలు ముఖం చాటేసి రాష్ట్రంలోని 236 తాలూకాలలో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించినప్పుడు ఎండుగడ్డికి వచ్చిన గిరాకీని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నీళ్ల విషయంలో ఈ నగరానికీ ఆ జిల్లాకూ ఉన్న లావాదేవీ మనలో చాలామందికి తెలియదు. బెంగళూరు మురుగునీటిని కోరమంగళ చల్లఘట్ట లోయలో శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఎన్నో ఏళ్లుగా ఎండిన చెరువులు నిండాయి, చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఊరాయి, గడ్డి మడులు పచ్చబడ్డాయి. ఆ నీటిని రెండో దశ వరకే శుద్ధి చేస్తున్నారని, మూడో దశ కూడా జరగాలని కోలారువాసులు మొదటి నుంచి అడుగుతున్నారు. మన ఇళ్ల నుంచి పోయిన నీరు వాళ్ల గడ్డికి, ఆ గడ్డి నుంచి వచ్చిన పాలు మన ఇళ్లకు చేరుతున్నప్పుడు, ఆ శుద్ధి పూర్తిగా జరగాలని అడగవలసిన బాధ్యత కోలారువాళ్లకంటే మనకే ఎక్కువ ఉంది.

భూమి సంగతికి వస్తే, కర్ణాటక భూ ఆదాయ నియమాల ప్రకారం ఊళ్లోని ప్రతి వంద పశువులకు 12 హెక్టార్ల గోమాళం, అంటే పశువులు మేసే ఉమ్మడి భూమి, వదలాలి. నగరం చుట్టూ గోమాళాలు ఎలా కరిగిపోయాయో హొసకోట దాటి ఏ ఊరివాళ్లను అడిగినా చెబుతారు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ దగ్గర 1,777 ఎకరాలను పారిశ్రామిక అవసరాలకు తీసుకోవాలన్న ప్రయత్నాన్ని, మూడేళ్లకు పైగా సాగిన రైతుల పోరాటం తరువాత, 2025 జూలైలో ప్రభుత్వం విరమించుకుంది. ఆ రైతులలో కూరగాయలు, పాలు బెంగళూరుకు పంపేవాళ్లు ఎంతోమంది. ఆ భూమి మిగలడం వల్ల మేలు పొందినవాళ్లలో మనమూ ఉన్నాం.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇకమీదట పాలు పిండేది ఎవరన్నది. చిన్నమ్మ కూతురు నరసాపుర దగ్గర ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నది. పొద్దున బస్సు ఊళ్లోకే వస్తుంది, నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంది, ఆదివారం సెలవు. ఆవుకు ఆదివారం లేదు, పండుగ లేదు, ఇంట్లో పెళ్లి జరుగుతున్నా సాయంత్రం పాలు పిండే మనిషి ఒకరు ఇంటిదగ్గర ఉండాలి. ఆ అమ్మాయి కొట్టంలోకి తిరిగి రావాలని కోరుకునే హక్కు నాకు లేదు, ఆమె తల్లికీ ఆ కోరిక లేదు. ఫ్యాక్టరీ జీతంతో పోటీపడే ఆదాయం పాల మీద రాకపోతే ఈ తరంతో ఆ కొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు పాడి వందల ఆవులున్న పెద్ద షెడ్ల చేతికి వెళుతుంది. అక్కడ జీతాలుంటాయి, కరెంటు ఖర్చుంటుంది, అప్పు మీద వడ్డీ ఉంటుంది, లాభం కూడా ఉండాలి. ఆ పాలు 46 రూపాయలకు రావు.

రైతులు నేరుగా అమ్మే సీసా పాలు, నాటు ఆవుల ఎ2 పాలు (ఎ2 అన్నది పాలలోని ఒక మాంసకృత్తు రకం) నగరంలో ఇప్పుడే నీలం ప్యాకెట్‌కు రెండు మూడింతల ధర పలుకుతున్నాయి. నేను వాటిని కూడా కొని చూశాను. రుచి బాగుంది, వాసన బాగుంది. ఆరోగ్యం గురించి వాటి మీద రాసే పెద్ద పెద్ద మాటల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఎ1, ఎ2 అని చెప్పుకుని అమ్మవద్దని ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టు 21న ఆదేశించి, అయిదు రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. నాటు ఆవుల గురించి అసలు ఆందోళన పడవలసింది వేరే చోట. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవుజాతి పశువులు ఉన్నాయి. 2012తో పోలిస్తే విదేశీ, సంకరజాతి పశువులు దాదాపు 27 శాతం పెరిగాయి, దేశీ పశువులు 6 శాతం తగ్గాయి. హళ్లికార్ లాంటి మన ప్రాంతపు జాతి కాడికి పుట్టింది, బిందెల కొద్దీ పాలకు కాదు. దాన్ని పాల ధర చెల్లించి నిలబెట్టలేం, దానికి వేరే ఆదరణ కావాలి. ఓట్స్, బాదం పానీయాల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, పాలు పడనివాళ్లకు అవి ఉపయోగమే, కాని ధరలోనూ మాంసకృత్తులలోనూ నీలం ప్యాకెట్‌కు అవి సాటిరావు. పశువుల నెమరు నుంచి వెలువడే మీథేన్ గురించి బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ సంస్థ పనిచేస్తున్నది. అక్కడ తయారైన హరితధార అనే మిశ్రమం ఆ వాయువును 17 నుంచి 20 శాతం వరకు తగ్గిస్తుందని వాళ్లు చెబుతున్నారు. అలాంటిది దాణా బస్తాతోపాటు అందుబాటు ధరలో రావాలి, రైతు నెత్తిన మరో ఖర్చుగా మాత్రం రాకూడదు.

ఇన్ని ఒత్తిళ్ల మధ్య కర్ణాటక రైతుకు ఉన్న అండ సహకార వ్యవస్థ, దాని విలువ సరిహద్దు దాటితే తెలుస్తుంది. ముళబాగిలు నుంచి కొద్ది దూరం పోతే మన చిత్తూరు జిల్లా వస్తుంది. అవే సీమావులు, అదే మెట్ట, అదే భాష. అక్కడి సహకార డైరీ 2002లో మూతపడింది, ఆ తరువాత రైతు ప్రైవేటు డైరీలు ఇచ్చే ధరకే పాలు పోయవలసి వచ్చింది. ఇటు కర్ణాటకలో పాలు ఎంత ఎక్కువ వచ్చినా సంఘం తిప్పి పంపదు. 2024 జూన్‌లో సేకరణ రోజుకు కోటి లీటర్లు దాటినప్పుడు కూడా కొన్నది, మిగిలినదాన్ని పొడిగా మార్చింది. లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహకం ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేస్తుంది. అది నెలల తరబడి బకాయి పడుతుందన్నది రైతుల ఫిర్యాదు, అది న్యాయమైన ఫిర్యాదు. పాల బిల్లు మీద దాణా అప్పు తీర్చేవాళ్లకు ఆలస్యంగా వచ్చిన డబ్బు సగం వడ్డీకే పోతుంది. 2025 ఏప్రిల్‌లో పెంచిన 4 రూపాయలు రైతుకే చేరుతాయని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆ పెంపును నేను మనస్ఫూర్తిగా సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తున్నాను.

కొనేవాళ్లకు నా సలహా ఇది. రోజువారీ కాఫీ, టీ, పిల్లల పాలకు నీలం ప్యాకెట్ తీసుకోండి, గట్టి పెరుగుకు నారింజ ప్యాకెట్ కలుపుకోండి. వీలున్నంతవరకు పార్లరులో ముద్రించిన ధరకే కొనండి. పేదింటికి ఈ ధర భారమైతే ఆ భారం ప్రభుత్వం మోయాలి. ఉదాహరణకు 2013లో మొదలైన క్షీరభాగ్య పథకం కింద బడి పిల్లలకు ఇస్తున్న పాలలాగా నేరుగా ఆ ఇళ్లకు సాయం చేయాలి. అందుకోసం రైతు ధరను తగ్గించకూడదు. సమాఖ్యను అడగవలసింది ఒకటే ఉంది. ప్యాకెట్ మీద వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని ముద్రిస్తున్నట్లే, ఈ 46 రూపాయలలో పాలు పోసినవారికి చేరిన మొత్తం ఎంత అన్నది కూడా ముద్రించాలి. వచ్చేసారి ధర పెంచినప్పుడు ఆ అంకె కూడా అంతే పెరిగిందో లేదో చూసి, పెరిగితే మారుమాట లేకుండా చెల్లించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.